సాహస యాత్రల కథల్లో వినిపించని సంగతులు: సరిహద్దు, వీసా, ఖర్చు

గుంటూరు కుర్రాడొకడు బైక్ మీద నేపాల్ వెళ్ళొచ్చానంటాడు. విజయవాడలో ఉద్యోగం చేసుకునే ఒకమ్మాయి మధ్య ఆసియా దేశాలు ఒంటరిగా తిరిగొచ్చి ఆ ఫొటోలు చూపిస్తుంది. ఇంకొకరు లిఫ్ట్ అడుక్కుంటూ కాశ్మీర్ చేరానని చెబుతారు. ఇలాంటి కథలు చెప్పేవాళ్ళు ఈ మధ్య మన వైపు బాగా పెరిగారు. విన్నవాళ్ళకు ఉత్సాహంతో పాటు అయోమయమూ పెరిగింది. వీసా ఎలా వచ్చింది? బోర్డర్‌లో ఆపలేదా? ఇంత తక్కువ ఖర్చులో నిజంగా అవుతుందా? నేనూ అలాగే వెళ్ళొచ్చా?

వీటికి జవాబులు సాధారణంగా కథలో ఉండవు. చెప్పేవాళ్ళు దాస్తున్నారని కాదు. మంచు కొండా, దారి తప్పిన రాత్రీ, ముక్కూమొహం తెలియని ఇంట్లో తిన్న అన్నమూ కథవుతాయి గానీ, బ్యాంక్ స్టేట్‌మెంట్ కథ కాదు. కానీ ఎవరు ఎంత దూరం వెళ్ళగలరన్నది చాలావరకు ఆ బ్యాంక్ స్టేట్‌మెంట్ లాంటి విషయాలే తేలుస్తాయి.

సొంతంగా వెళ్ళడం అంటే ఎంతవరకు?

ట్రావెల్స్ వాళ్ళు టికెట్, హోటల్, భోజనం, గైడ్ అన్నీ కలిపి అమ్మితే అది ప్యాకేజీ టూర్. ఇవన్నీ మనమే చూసుకుంటూ, ఎక్కడ ఎన్నాళ్ళు ఉండాలో మనమే తేల్చుకుంటూ వెళ్తే సొంత యాత్ర. విమానం ఎక్కకుండా నేల మీదే దేశాలు దాటుకుంటూ పోవడాన్ని ఓవర్‌లాండ్ ప్రయాణం అంటారు. సొంత యాత్రల్లో ఇది అన్నిటికంటే కష్టం. ప్రతి సరిహద్దు దగ్గరా మనిషికి అనుమతి కావాలి, బండి ఉంటే బండికీ కావాలి.

ఈ రకాల మధ్య గట్టి గోడలేమీ లేవు. టిబెట్‌నే తీసుకుంటే, విదేశీయులు అక్కడ సొంతంగా తిరగడానికి చైనా ఒప్పుకోదు. ఏజెన్సీ ద్వారా ప్రత్యేక పర్మిట్ తీసుకోవాలి, గైడ్‌తోనే తిరగాలి. కాబట్టి ‘టిబెట్ మీదుగా వెళ్ళాను’ అన్న మాటలో కొంత భాగం ప్యాకేజీయే అవుతుంది. సాహసం కొలత కూడా మనిషిని బట్టి మారుతుంది. ఇల్లు దాటి ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళని తెనాలి ఇల్లాలు స్లీపర్ క్లాసులో కాశీ వెళ్ళిరావడం, అనుభవమున్నవాడు తజికిస్తాన్‌లో పామీర్ రోడ్డు ఎక్కడం కన్నా చిన్న సాహసమని నేననుకోను.

మన నేల మీద నడిచిన ఇద్దరు

అనుమతి, డబ్బు, కథ ఎవరి కోసం చెబుతున్నామన్న ప్రశ్న, ఈ మూడూ పాతవే. మన అమరావతి పక్కనే ఉన్న ధరణికోట ఒకనాటి ధాన్యకటకం. చైనా బౌద్ధ భిక్షువు హ్యుయాన్‌త్సాంగ్ 7వ శతాబ్దంలో అక్కడికి వచ్చి, కొన్ని నెలలు ఉండి బౌద్ధ తత్వశాస్త్రమైన అభిధర్మం చదువుకున్నాడు. ఆయన సుమారు 629లో చైనా నుంచి బయలుదేరినప్పుడు దేశం దాటిపోకూడదని రాజాజ్ఞ ఉంది. అనుమతి లేకుండానే, కాపలా బురుజులను తప్పించుకుంటూ ఎడారి దాటాడు. తిరిగొచ్చేటప్పుడు రాజధానిలోకి నేరుగా వెళ్ళలేదు. ముందు దారిలో ఉన్న ఖోటాన్ నుంచి చక్రవర్తికి విన్నపం పంపుకున్నాడు. 645లో 657 గ్రంథాలతో రాజధాని చాంగాన్ చేరితే ఘన స్వాగతం దొరికింది. ఆ మరుసటి ఏడాది, చక్రవర్తి తాయ్‌జుంగ్ అడిగినందుకు, చూసిన దేశాల వివరాలన్నీ చెప్పి రాయించాడు. పశ్చిమాన ఏ రాజ్యాలున్నాయో తెలుసుకోవడం చక్రవర్తి అవసరం. అందుకే ఆ రచనలో రాజ్యాల చుట్టుకొలతలు, పంటలు, జనం స్వభావం అంత వరసగా కనిపిస్తాయి. అడిగిన మనిషి అవసరమే కథకు ఆకారం ఇచ్చింది.

రెండో మనిషి ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్. 1830 మేలో బయలుదేరి హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్ మీదుగా కాశీ చేరి, కలకత్తా, పూరీ మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిలో రాసి మిత్రుడికి పంపిన సంగతులు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. ఏ మజిలీలో నీళ్ళున్నాయి, ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి, ఏ రోడ్డు ఎలా ఉంది అన్నవి అందులో వివరంగా ఉంటాయి. తర్వాత వెళ్ళేవాడికి పనికొస్తాయన్న దృష్టితో రాసిన రాత అది. పల్లకీలు, బోయీలు, పరివారంతో వెళ్ళగలిగిన స్థితిమంతుడాయన. ఆ సంగతీ పుస్తకంలో దాచలేదు. యాత్రా కథ నిజాయితీ గురించి మాట్లాడాల్సి వస్తే నేను మొదట చూపించేది ఆయన్నే.

విజయవాడ నుంచి లండన్‌కు రోడ్డుందా?

పటంలో ఉంది. విజయవాడలో 16వ నంబరు జాతీయ రహదారీ, 65వ నంబరు రహదారీ కలుస్తాయి. అక్కడి నుంచి ఢిల్లీ, అమృత్‌సర్, పాకిస్తాన్, ఇరాన్, టర్కీ మీదుగా యూరప్‌కు తారు రోడ్డే ఉంది. 1957లో లండన్ నుంచి కలకత్తాకు బస్సు కూడా నడిచింది. అయితే 1979లో ఇరాన్‌లో విప్లవం, ఆఫ్ఘనిస్తాన్‌లోకి సోవియట్ సేనలు రావడంతో ఆ పాత దారి తెగిపోయింది.

ఈనాటి పరిస్థితి ఇంకా ఇరుకు. పడమరన అటారీ–వాఘా దగ్గరి దారిని 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత మూసేశారు. తూర్పున మణిపూర్‌లోని మోరే నుంచి మయన్మార్‌లోకి పోయే దారి 2018లో పాస్‌పోర్టు, వీసా ఉన్నవాళ్ళకు తెరిచారు. ఆ తర్వాత కొందరు మన బైకర్లు థాయ్‌లాండ్ దాకా వెళ్ళొచ్చారు కూడా. 2020లో కోవిడ్‌తో అది మూతబడింది. 2021 ఫిబ్రవరిలో అక్కడ సైనిక కుట్ర జరిగి అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాన నేపాల్ దాకా ఇబ్బంది లేదు, కానీ అవతల ఉన్నది టిబెట్. సొంత బండి తీసుకెళ్ళాలంటే ఏజెన్సీ, గైడ్, చైనా తాత్కాలిక లైసెన్స్, అన్నీ ఖర్చే. రోడ్డు మీద వెళ్ళాలనుకునే భారతీయుడికి మన దేశం ప్రస్తుతానికి ఒక ద్వీపం లాంటిది.

2019లో మయన్మార్ దాటినవాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం. కానీ ఆ కథ విని ఇవాళ బయలుదేరితే మోరేలో ఆగిపోవాల్సిందే. యాత్రా కథకు ఊరి పేరు ఎంత ముఖ్యమో, తేదీ కూడా అంతే ముఖ్యం.

‘యూరప్‌కు బైక్ మీద వెళ్ళాను’ అనేవాళ్ళలో చాలామంది మధ్యలో ఎక్కడో బండిని ఓడలోనో విమానంలోనో పంపించినవాళ్ళే. ఇందులో తప్పేమీ లేదు, వేరే దారి లేకే పంపుతారు. దానికి కొన్ని కాగితాలు కావాలి. మొదటిది అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్. దీన్ని మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. రెండోది కార్నే అనే కస్టమ్స్ పత్రం. ‘ఈ బండిని మీ దేశంలో అమ్మను, తిరిగి తీసుకుపోతాను’ అన్న హామీకి ఆధారం అది. ఆటోమొబైల్ అసోసియేషన్లు ఇస్తాయి. అన్ని దేశాలూ అడగవు, ఇరాన్ లాంటివి అడుగుతాయి. హామీ కింద బ్యాంక్ గ్యారంటీ పెట్టాలి. మూడు లక్షల బండికి దాని విలువంత గ్యారంటీ అడిగారనుకుందాం. ఆ మూడు లక్షలూ యాత్ర ముగిసేదాకా బ్యాంకులో ఇరుక్కుపోతాయి. ఖర్చు కాకపోయినా ఆ డబ్బు చేతిలో ఉన్నవాడే బయలుదేరగలడు. ఏదైనా దేశంలో బండి దొంగతనానికి గురైనా, పాడై వదిలేయాల్సి వచ్చినా, ఆ గ్యారంటీ నుంచి సుంకం కట్టాల్సిన పరిస్థితి రావచ్చు.

‘వీసా ఫ్రీ’ వెనక ఉన్న షరతులు

వీసా అంటే మా దేశం గుమ్మం దాకా రావచ్చని ఆ దేశం ఇచ్చే అనుమతి. లోపలికి రానిచ్చేదీ లేనిదీ ఇమిగ్రేషన్ అధికారి చేతిలో ఉంటుంది. ముందే తీసుకునే స్టిక్కర్ వీసా, ఆన్‌లైన్‌లో వచ్చే ఈ–వీసా, దిగాక ఇచ్చే వీసా ఆన్ అరైవల్, ఏదీ అక్కర్లేని వీసా ఫ్రీ, ఇలా రకాలున్నాయి. నేపాల్, భూటాన్‌లకు మనం ఓటరు కార్డుతో కూడా వెళ్ళొచ్చు. భూటాన్‌లో మాత్రం రాత్రికి 1,200 రూపాయల చొప్పున సుస్థిర అభివృద్ధి రుసుము కట్టాలి.

ఇరాన్ ఉదాహరణ చూస్తే మెలిక ఎక్కడుందో అర్థమవుతుంది. 2024 ఫిబ్రవరి 4 నుంచి భారతీయులకు వీసా అక్కర్లేదని ఆ దేశం ప్రకటించగానే ఓవర్‌లాండ్ యాత్రికుల్లో సంబరం. షరతులు చదివితే, పర్యటనకే, ఆరు నెలలకు ఒక్కసారి, గరిష్ఠంగా 15 రోజులు, అదీ విమానంలో వస్తేనే. రోడ్డు మీద వచ్చేవాడికి ఆ మినహాయింపు వర్తించదు. పైగా ఉద్యోగాల పేరుతో భారతీయులను అక్కడికి రప్పించి కిడ్నాప్ చేసిన కేసులు బయటపడ్డాక, 2025 నవంబరు 22 నుంచి ఆ మినహాయింపునే నిలిపేశారు. రెండేళ్ళు తిరక్కుండానే ‘ఇరాన్‌కు వీసా అక్కర్లేదు’ అన్న మాట నిజమూ అయింది, అబద్ధమూ అయింది.

మరో చిక్కు షెంగెన్ లెక్క. యూరప్‌లో 29 దేశాలకు కలిపి ఒకే వీసా. ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉన్న ఒకాయన మార్చి 1న ప్యారిస్‌లో దిగి ఏప్రిల్ 29న బయటికి వచ్చాడనుకుందాం. వచ్చిన రోజూ, వెళ్ళిన రోజూ కూడా లెక్కే కాబట్టి 60 రోజులయ్యాయి. జూలై 1న మళ్ళీ వస్తే ఎన్నాళ్ళు ఉండొచ్చు? ఆ రోజు నుంచి వెనక్కి 180 రోజులు లెక్కపెట్టాలి. జనవరి 3 దాకా వెళ్తుంది. పాత 60 రోజులూ అందులోనే ఉన్నాయి. మిగిలింది 30 రోజులే, అంటే జూలై 30 వరకు. పాత రోజులు లెక్కలోంచి జారిపోవడం ఆగస్టు 28న గానీ మొదలవదు. దేశం మారితే లెక్క కొత్తగా మొదలవుతుందనుకుని గడువు దాటి ఉండిపోయి (ఓవర్‌స్టే), తర్వాతి వీసా పోగొట్టుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. మొదటిసారి అడిగినవాళ్ళకు 90 రోజులు ఇస్తారన్న భరోసా కూడా లేదు. ప్రయాణ తేదీలకు సరిపడా కొద్దిరోజులే ఇవ్వడం మామూలు.

ఈ పద్ధతిలో నాకు అన్యాయంగా అనిపించేది ఒకటుంది. ఒక దేశం వీసా మరో దేశపు తలుపు తెరుస్తుంది. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికో విడిగా వీసా అడగదు, యూఏఈ దిగాక ఇస్తుంది. గుంటూరు, విజయవాడల్లో పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు పదేళ్ళ విజిటర్ వీసా పాస్‌పోర్టులో ఉంటుంది. అందువల్ల బ్రాడీపేటలో ఉండే ఓ రిటైర్డ్ మాస్టారు గడప దాటకుండానే, తిరగాలని తపించే పాతికేళ్ళ కుర్రాడికంటే ఎక్కువ దేశాలకు అర్హులు. ఆ కుర్రాడికి ఆస్తి లేదు, పెళ్ళి కాలేదు, స్థిరమైన ఉద్యోగం లేదు. ‘తిరిగి వస్తాడన్న నమ్మకం లేదు’ అని వీసా అధికారి అనుకోవడానికి ఇవే కారణాలు. సాహస యాత్రకు వీలిచ్చే స్వేచ్ఛే వీసాకు అడ్డు తగులుతుంది. ఆ దేశాల వైపు నుంచి చూస్తే, గడువు దాటి ఉండిపోయేవాళ్ళను ఆపడం వాళ్ళ బాధ్యత. ఆ వాదనలోనూ బలముంది. కానీ నిజంగా చూసి రావాలనుకునేవాడికి అది ఓదార్పు కాదు.

మన దేశంలోనూ అన్ని చోట్లకీ తిన్నగా వెళ్ళలేం. అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకు బయటి రాష్ట్రాలవాళ్ళు వెళ్ళాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ అనే అనుమతి పత్రం కావాలి. 1873 నాటి బ్రిటిష్ రెగ్యులేషన్ దానికి మూలం. ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కాబట్టి పెద్ద టెన్షన్ లేదు.

‘పన్నెండు వేలల్లో నేపాల్’ లెక్క

తక్కువ ఖర్చు కథలకే చప్పట్లు ఎక్కువ. ఒకటి విప్పి చూద్దాం. ఒకరు విజయవాడ నుంచి బైక్ మీద నేపాల్ వెళ్ళి, అక్కడ తిరిగి, 15 రోజుల్లో 12,000 రూపాయలతో వచ్చానన్నారనుకుందాం. రానుపోను, లోపల తిరిగింది కలిపి 4,500 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండైతే 100 లీటర్లు. సగటున లీటరు 105 రూపాయలు వేసుకున్నా 10,500. మిగిలింది 1,500. రోజుకు వంద రూపాయలు. అందులోనే తిండి, పడక, నేపాల్‌లో బండికి రోజుల లెక్కన కట్టే భన్సార్ రుసుము.

అబద్ధమని కొట్టిపారేయక్కర్లేదు. గుడి సత్రంలో, గురుద్వారాలో, దారిలో కలిసినవాళ్ళ ఇంట్లో పడుకుని ఉండొచ్చు. అయితే అది ఖర్చు లేకపోవడం కాదు, వేరేవాళ్ళు భరించడం. వెళ్ళేముందు మార్చిన టైర్లు, రెయిన్‌కోటు, సర్వీసింగ్ లెక్కలోకి రాలేదు. నెలకు 30,000 జీతం వచ్చే మనిషి జీతం లేని సెలవు పెడితే 15 రోజులకు ఇంకో 15,000 పోయినట్టే. కథలో చెప్పిన 12,000 దారిలో జేబులోంచి తీసిన డబ్బు. యాత్ర ధర అంతకు రెట్టింపు దాటింది.

ఇన్సూరెన్స్ సంగతీ ఇలాగే కథల్లో జారిపోతుంది. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కాబట్టి అందరూ తీసుకుంటారు. మిగతా చోట్ల చాలామంది వదిలేస్తారు. తీసుకున్నా, ఎత్తైన చోట్ల ట్రెకింగ్‌నీ, బైక్ నడపడాన్నీ మినహాయించే పాలసీలు చాలా ఉన్నాయి. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ 5,364 మీటర్ల ఎత్తు. అక్కడ ఊపిరాడక హెలికాప్టర్ పిలవాల్సి వస్తే, పాలసీలో ఎన్ని మీటర్ల దాకా రాసుందన్న ఒక్క లైన్ మీద లక్షలు ఆధారపడతాయి.

‘వంద దేశాలు’, ‘అన్నిటికంటే ఎత్తైన రోడ్డు’

దేశాల సంఖ్య చెప్పినప్పుడు ఏ జాబితాతో లెక్కించారో అడగాలి. ఐక్యరాజ్యసమితిలో సభ్య దేశాలు 193, పరిశీలక దేశాలు 2 కలిపి 195. అమెరికాలో 1954లో మొదలైన ట్రావెలర్స్ సెంచరీ క్లబ్ జాబితాలో 330 ప్రాంతాలున్నాయి. లండన్, ఎడిన్‌బరో, హాంకాంగ్, మకావ్, దుబాయ్, ప్యూర్టోరికో చూసిన మనిషికి మొదటి లెక్కలో నాలుగు దేశాలు: బ్రిటన్, చైనా, యూఏఈ, అమెరికా. రెండో లెక్కలో ఆరు. రెండూ మోసం కావు, కొలబద్దలు వేరు. ఎయిర్‌పోర్టులో విమానం మారినదాన్ని కూడా కలిపితే మాత్రం దాన్ని చూడటం అనలేం.

ఖర్‌దుంగ్ లా దగ్గర ప్రపంచంలోనే ఎత్తైన మోటారు రోడ్డు అంటూ 18,380 అడుగులని రాసిన బోర్డు పక్కన ఎంతమంది ఫొటో దిగారో! జీపీఎస్‌తో కొలిస్తే ఆ కనుమ ఎత్తు సుమారు 5,359 మీటర్లు, అంటే 17,600 అడుగుల దగ్గర. లదాఖ్‌లోనే 2021లో ఉమ్లింగ్ లా 19,024 అడుగులతో గిన్నిస్ రికార్డు అందుకుంది. యాత్రికుడు బోర్డును నమ్మాడు, మనం యాత్రికుణ్ణి నమ్మాం. కష్టపడి ఎక్కిన మాట మాత్రం నిజమే, ఆ ఎత్తులో గాలి ఎలాగూ పలచనే.

ఆతిథ్యం మీద భిన్నాభిప్రాయాలు

లిఫ్టులు, ఇతరుల ఇళ్ళలో బస మీద నడిచే యాత్రల గురించి రెండు గట్టి అభిప్రాయాలున్నాయి. ఊరి జీవితం హోటల్ గదిలోంచి కనబడదనీ, ఇంట్లోకి పిలిచినవాళ్ళకూ కొత్త మనిషితో మాట్లాడటం ఇష్టమేననీ ఒక పక్షం. డబ్బుండి కూడా తమకంటే పేదవాళ్ళ అన్నం తిని, దాన్ని సాహసంగా చెప్పుకోవడం సరికాదని రెండో పక్షం. లారీ డ్రైవర్ టీ ఇప్పిస్తే తాగడం వేరు, యాత్ర బడ్జెట్ మొత్తం అలాంటి టీల మీదే వేసుకోవడం వేరు. తేడా అక్కడుందని నాకనిపిస్తుంది.

పైగా ఈ ఆతిథ్యం అందరికీ ఒకేలా అందదు. మగవాడు రైల్వే స్టేషన్ బల్ల మీద పడుకున్న రాత్రిని తమాషాగా చెబుతాడు. అదే దారిలో అమ్మాయి పగలే ఊరు చేరే బస్సు చూసుకోవాలి, లోపల గడియ ఉన్న గదికి ఎక్కువ కట్టాలి. ఇద్దరి ఖర్చునూ పక్కపక్కన పెట్టి ‘నువ్వు పొదుపు చేయలేదు’ అనడం అన్యాయం. ఒంటరిగా తిరిగే స్త్రీలు చెప్పే కథల్లో ఈ ఏర్పాట్ల వివరాలు తరచుగా ఉంటాయి. అందుకే వినేవాళ్ళకు అవి ఎక్కువ పనికొస్తాయి.

ఖర్చు ఇంకొకరు భరిస్తే, ఊరి పేరు బయటికొస్తే

హోటల్, బైక్ కంపెనీ, ఏదో దేశపు పర్యాటక శాఖ ఖర్చు పెట్టుకుని యాత్రికుణ్ణి పంపడం ఇప్పుడు మామూలు. అది తప్పు కాదు. చెప్పకపోవడం తప్పు. ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, డబ్బుగానీ ఉచిత బసగానీ బహుమతిగానీ అందితే చూసేవాళ్ళకు స్పష్టంగా కనబడేలా చెప్పాలి. స్పాన్సర్ ఉన్నంత మాత్రాన కథ అబద్ధమైపోదు. ఆ హోటల్లో నల్లులున్నాయా లేదా అన్నది మాత్రం ఆ కథలో వినబడకపోవచ్చు.

చివరి చిక్కు, ఎవరూ వెళ్ళని చోటు పేరు చెప్పాలా వద్దా అన్నది. చెబితే ఊరికి ఆదాయం, హోమ్‌స్టేలకు గిరాకీ. చెప్పకపోతే ఆ చోటు తనకే సొంతమన్నట్టు అవుతుందని ఒక వాదన. చెప్పిన రెండు సీజన్లకే జలపాతం నిండా ప్లాస్టిక్ చేరుతుందని ఇంకో వాదన. దీనికి ఒకే జవాబు లేదు, చెత్త ఎత్తే పంచాయతీ, పార్కింగ్ చోటు ఉన్నాయో లేదో చూసి తేల్చుకోవాల్సిందే.

కానీ కొన్ని చోట్ల ఈ చర్చకే తావులేదు. అండమాన్‌లోని ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్ళడం చట్టరీత్యా నిషేధం. అక్కడివాళ్ళకు బయటి జబ్బులను తట్టుకునే శక్తి లేదు, బయటివాళ్ళు రావడం తమకు ఇష్టం లేదని వాళ్ళు బాణాలతోనే చెబుతున్నారు. 2018లో మతప్రచారానికని వెళ్ళిన అమెరికన్ యువకుడు వాళ్ళ చేతుల్లో చనిపోయాడు. 2025లో వీడియో తీయాలని ఆ ఒడ్డున దిగిన మరో అమెరికన్‌ను పోలీసులు అరెస్టు చేశారు. అతను ఆ ఇసుక మీద ఒక శీతల పానీయం డబ్బా, ఒక కొబ్బరికాయ వదిలి వచ్చాడు.